ఫల్గుణ బ్రేకు తొక్కిన రోజు

ఘాటు దిగేటప్పుడు నడవడం నా అలవాటు. ఎక్కేటప్పుడైతే ఏ జీపు ఆపినా ఎక్కుతాను. డెబ్బై దాటిన మోకాళ్లకు ఇది తలకిందుల వైద్యమని డాక్టర్లంటారు గానీ, కొండను పైనుంచి చూస్తూ దిగినవాడికి తెలిసే సంగతులు వేరు. దసరా వెళ్లిన రెండో ఆదివారం పొద్దున చింతపల్లి నుంచి నర్సీపట్నం వైపు దిగుతున్నాను. మంచు ఇంకా విడలేదు. వెనక హారన్ మోగితే పక్కకు జరిగాను. బండి దాటిపోలేదు. మళ్లీ మలుపు, మళ్లీ హారన్. తిరిగి చూస్తే ఒక పాత తెల్లకారు, ఫస్టు గేర్లో మూలుగుతూ, నా నడక వేగానికే నా వెంట దిగుతోంది.

కిటికీ పక్కనే నడుస్తూ లోపలికి చూశాను. నడిపేవాడికి నలభై ఉంటాయి. అతని పక్క సీట్లో ఒక ఇసుక బస్తా, వెనక సీట్లో మూడు. నాలుగింటికీ సీటు బెల్టులు పెట్టి ఉన్నాయి.

“బస్తాలకు బెల్టులేమిటి నాయనా?”

“ఆ దినం మనుసులకి ఎట్టనేదు బాబూ,” అన్నాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. “ఇసక్కైనా ఎట్టాల కదా.”

“నన్నూ ఎక్కించుకోరాదూ?”

“మనుసుల్ని ఎక్కించుకోను.”

అలా అతను తోలుతూ, నేను నడుస్తూ మాట్లాడుకుంటూ ఘాటు దిగాం. నా జీవితంలో కారుతో కలిసి నడవడం అదే మొదలు. కింద చదును రోడ్డు రాగానే ఆపాడు. “ఇక్కడ్నించి బయం నేదు. ఎనకాల మా బావ పక్కన సర్దుకోండి,” అన్నాడు. బావంటే మధ్య బస్తా.

సర్దుకుంటుంటే కాలికి ఒక సీసా తగిలింది. కూల్‌డ్రింకు సీసా, మూతికి గుడ్డ కుక్కి ఉంది, లోపల సగం దాకా పసుప్పచ్చటి నీరు.

“జీలుగు కల్లా?”

“మా ఊరోళ్లూ ఇదే అడిగినారు బాబూ. బ్రేకాయిలు అది.”

అతని పేరు ఫల్గుణ. సంత జరిగేది కొండ మీద, అతని ఊరు కొండ కింద. పదేళ్లు ఆ ఘాట్లో ఊరివాళ్లను ఎక్కించి దించాడు. అక్కడి డ్రైవర్లు బ్రేకును దాదాపు ముట్టుకోరు, గేరు మీదే దిగుతారు. కిందటేడు ఒక సంత రోజు ఆకాశం నల్లబడింది. వాన పడేలోపు దిగిపోవాలని మూడో గేర్లో, బ్రేకు తొక్కుతూ తొక్కుతూ దిగాడు. తొమ్మిదో మలుపులో పెడలు నేలకు పోయిందంటాడు. లోయ వైపు పోనీకుండా కారును కొండకేసి కొట్టాడు. ముగ్గురికి గీతలు పడ్డాయి. ముందు సీట్లో ఉన్న అక్క సరళకు కాలు విరిగింది, ఇప్పటికీ కుంటుతుంది.

మర్నాడు మెకానిక్కు వచ్చి తొక్కితే పెడలు రాయిలా ఉంది. ఊరంతా ఒక్కొక్కరే వచ్చి, కారులో కూర్చుని, తొక్కి చూసి దిగిపోయారు. చివర సరళ కర్ర పట్టుకుని వచ్చింది. “నీకు కునుకు పట్టిందిరా తమ్మూ, ఒప్పేసుకో,” అంది. అప్పట్నుంచి ఆమె సంతకు ఊళ్లో ఇంకో డ్రైవరు మంగ్లు జీపులో పోయి వస్తోంది. ఫల్గుణ అల్లం, కాఫీ బస్తాలు తప్ప ఇంకేమీ ఎక్కించడు. ఇవాళ మాత్రం ఆనాటి నలుగురి బదులు ఇసుక ఎక్కించుకుని, తెల్లారకముందే పైకి పోయి అదే దారిన దిగి వచ్చాడు.

“కునుకు పట్టిందో నేదో నాకే తెల్దు బాబూ. ఏడాది నించి తలుసుకుని తలుసుకుని, పట్టిందేమో అనిపిస్తన్నాది. ఇవాళ తేల్చుకుంటాను. కునుకైతే మరి స్టీరింగు ముట్టుకోను. బ్రేకైతే మా అప్ప నా కారెక్కాల.”

తేల్చుకోవడానికి అతను పోతున్న చోటు నాకు వింతగా తోచింది. కొండల కింద ఎప్పటిదో వాడని రన్‌వే ఉంది. విశాఖలో కార్ల పిచ్చి ఉన్నవాళ్లు క్లబ్బుగా చేరి, దాన్ని ఒక రోజుకు తీసుకుని ట్రాక్ డే జరుపుతారు. పందెం కాదు, కప్పులు లేవు. రోజూ ఆఫీసుకూ కూరల మార్కెట్టుకూ తిప్పే కారునే తెచ్చి, ఎదురు బండి రాదన్న ధైర్యంతో చేతనైనంత తోలి ఇంటికి పోవడం. పాత చరిత్రల్లో యుద్ధం లేని ఏళ్లలో రౌతులు గుర్రాలను మైదానాలకు తోలుకుపోవడం చదివాను. అప్పుడు నవ్వుకున్నాను గానీ, కాలికింద బలముంటే అది ఎంతుందో చూడాలనిపించడం మనిషికి సహజమేనేమో. క్లబ్బు పెద్ద సర్వేశ్వరరావు, రిటైరైన ఇంజనీరు. కిందటి చలికాలం అరకు దారిలో ఆయన కారు మొరాయిస్తే ఫల్గుణ తాడు కట్టి లాగాడు. ఎంత గట్టిగా తొక్కినా పడిపోయే లోయ లేని చోటు ఉందని ఆయన చెప్పగా విన్నాడు. ఆ మాట పట్టుకుని వచ్చాడు.

అక్కడ కార్లను చూసి పంపే మెకానిక్కు సుజానా, పాతికేళ్ల అమ్మాయి. కారు తలుపు తీసి చూసింది.

“అన్నా, ఈ బస్తాలు దించెయ్. లోపల ఏ బరువూ ఉండకూడదు.”

“బెల్టులెట్టినానమ్మా. మా బావ కదల్డు.”

“బావైనా దిగాల్సిందే.”

నాలుగు బస్తాలూ గట్టు మీద వరసగా కూర్చున్నాయి. వాటి పక్కన నేను. ఆమె పెడలు నొక్కి, “గట్టిగానే ఉంది,” అంది.

“అందరూ అదే అన్నారమ్మా,” అన్నాడు ఫల్గుణ.

హెల్మెట్ పెట్టుకుని పోయాడు. ఎర్ర కోన్ల మధ్య ప్రతి మలుపులోనూ హారన్ కొట్టాడు. గట్టు మీద కుర్రకారు నవ్వుతున్నారు. పావుగంట తిరిగి వచ్చి దిగాడు. ఒకడు అడిగాడు: “ఎవరి కోసం బాస్ ఆ హారను?”

“ఎదురొచ్చేవోడి కోసం.”

“ఇక్కడెవరొస్తారు?”

“రాడని నీకు తెలుసు. హారనుకి తెల్దు కదా.”

నవ్వారు గానీ అతను నవ్వలేదు. నా దగ్గరికొచ్చి బస్తాను ఆనుకుని కూర్చున్నాడు. ముఖం పాలిపోయి ఉంది.

“పెడలు నేలకి పోనేదు బాబూ. కునుకే.”

అతను లేచి, చదును నేల మీద కూడా ఒక రాయి వెతికి వెనక చక్రం కింద పెట్టి, బానెట్ మీద అరచేయి ఆనించి నిలబడ్డాడు. ఎంతో కాలం సొంతమనుకున్న దేన్నో వదులుకోవడానికి సిద్ధపడే మనిషిలా ఉన్నాడు.

సర్వేశ్వరరావు వచ్చాడు. “ఘాటులో తోలినట్టు తోలావయ్యా. కారుని ఆపింది గేరు, బ్రేకు కాదు. ఈసారి గేరు జోలికి పోకు. చివరి కోను దాకా వచ్చి ఒక్కసారే తొక్కు. ప్రతి మలుపులోనూ.”

పన్నెండు దాటింది. రెండోసారి పోయాడు. మొదటి చుట్టు, రెండో చుట్టు. మూడో చుట్టుకు చక్రాల దగ్గర మాడువాసన గట్టు దాకా వచ్చింది. నాలుగో చుట్టులో పొడుగు దారి చివర కారు తగ్గలేదు. కోన్లు ఎగిరిపడ్డాయి. హారన్ ఆగకుండా మోగుతోంది. అడ్డుగా పేర్చిన టైర్ల వరసను రాసుకుని కారు బీడులోకి దూసుకుపోయింది. ఎర్రదుమ్ము లేచింది, అందులో ఏమీ కనబడలేదు. నేను పరిగెత్తాను, ఆ మోకాళ్లతోనే.

దుమ్ము తగ్గేసరికి కారు కంచెకు పది అడుగుల ఇవతల ఆగి ఉంది. ఫల్గుణ దిగి నిలబడ్డాడు. ముఖమంతా నవ్వు.

“నిద్దరోనేదు బాబూ. కళ్లు తెరుసుకునే ఉన్నాను. నేలకి పోయింది, సూసినాను. అప్పకి సెప్పాల.”

సుజానా వచ్చి పెడలు నొక్కింది. దూదిలా దిగిపోయింది. కాసేపు కారుని అలాగే వదిలేసి, చల్లారాక అతన్నే తొక్కమంది. గట్టిపడింది.

“ఆయిల్లోకి నీళ్లు చేరాయన్నా. వేడెక్కితే ఆ నీళ్లు మరిగి ఆవిరవుతాయి. ఇంక నువ్వు తొక్కేది ఆవిరినే. చల్లారితే మామూలే, అందుకే మర్నాడు ఎవరికీ దొరకలేదు. ఏ ఆయిల్ పోశావ్?”

అతను గర్వంగా సీసా తెచ్చి చూపించాడు.

“మూతేది?”

“గుడ్డ ఎట్టినాను, ఊపిరాడాలని. పొయ్యి మీద అటకలో ఉంటాది. వానల్లో మా కాడ ఏటీ పొడిగా ఉండదమ్మా. ఇత్తనాలు, పుట్టగొడుగులు, అన్నీ పొగలోనే దాసుకుంటాం.”

“ఆ పొయ్యి మీద ఏం వండుతారు?”

“అంబలి.”

“ఎన్నాళ్లుగా ఉంది అక్కడ?”

“రెండేళ్లు.”

ఆమె సీసాను వెలుగులో పట్టుకుంది. “రెండేళ్లూ అంబలి ఆవిరి తాగిందన్నా ఇది. బ్రేకాయిలు గాల్లో తేమనే వదలదు, పీల్చేసుకుంటుంది. పారబొయ్యి. ఇది పోసిన బండి ఏదీ ఘాటు దిగకూడదు.”

ఫల్గుణ నవ్వు అక్కడే ఆగిపోయింది. సీసాలో తగ్గిన భాగాన్ని వేలితో కొలిచాడు. కారుకు అంత పట్టదు.

“మంగ్లు జీపుకీ ఇదే పోసినాను,” అన్నాడు మెల్లగా. “శుక్రారం బ్రేకు పని సేయించి వచ్చినాడు. ఆయిలు నేదంటే నానే ఇచ్చినాను. నిండా పోసుకోరా అని.”

ఆదివారం సంత. మూడింటికి మంగ్లు జీపు పదిహేను మందితో ఘాటు దిగుతుంది. ముందు సీట్లో సరళ ఉంటుంది, కాలు చాపుకోవడానికని ఆ చోటు ఆమెదే. ఫల్గుణ మంగ్లుకు ఫోను చేశాడు. అందడం లేదని చెప్పింది. మళ్లీ చేశాడు. ఆ మలుపుల్లో సిగ్నలు ఎక్కడుంటుందో ఎక్కడ పోతుందో అతనికి తెలిసినంత నాకు తెలియదు. మూడోసారి చేయలేదు.

ఉత్తరాన కొండల మీద మబ్బు పట్టి ఉంది, కిందటేటి సంత రోజులాగే. నేను చూసే లోపే అతను చూశాడు.

“ఫల్గుణా, మంచినీళ్లు తాగి కూర్చో, కారుని మావాళ్లు లాగిస్తారు,” అంటూ సర్వేశ్వరరావు వస్తున్నాడు. అడిగితే అక్కడ పదిమంది కారిచ్చేవాళ్లు. అతను అడగడానికి కూడా ఆగలేదు. హెల్మెట్ తీసి బానెట్ మీద పెట్టాడు. వంగి, ఒక రాయి వెతికి, వెనక చక్రం కింద తోశాడు. ఆ సీసాను నా చేతిలోంచి తీసుకున్నాడు. అది నా చేతిలోకి ఎప్పుడొచ్చిందో నాకు గుర్తులేదు. నన్ను చూడలేదు. బీడుకు అడ్డంపడి, గట్టు మీద కూర్చున్న నాలుగు బస్తాల ముందునుంచి, మెయిన్ రోడ్డు వైపు నడిచాడు. గేటు దాటాక పరుగందుకున్నాడు.