బాత్‌రూంలో ఫిల్ము కడిగిన రోజు

మాది ఆదోని. ఒకప్పుడు ఫొటో స్టూడియో నడిపిన మా ఆయనకు పోయినేడాది పాత కెమెరాలో కడగని బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము దొరికింది. ఆయన చేతులు వణుకుతాయి. అందుకని దాన్ని చీకట్లో, కడిగే డబ్బాలో పట్టే చక్రానికి చుట్టే పని నాకు అప్పగించారు. బాత్‌రూం తలుపు సందుల్లో తువ్వాళ్లు కుక్కి, ఇద్దరం లోపల గడియ పెట్టుకున్నాం.

సగం చుట్టానో లేదో, హాల్లోంచి మా వియ్యపురాలి గొంతు వినిపించింది. ఎమ్మిగనూరు నుంచి ఆమె, వియ్యంకుడు చెప్పకుండా వచ్చేశారు.

“వదినా, యాడుండారు?”

నేను లేవబోతే మా ఆయన కొంగు పట్టుకుని, “తలుపు తియ్యొద్దు, వెలుతురు తగిల్తే అంతా పోతాది” అని గట్టిగా అన్నారు. తలుపు దాకా వచ్చిన అడుగులు గబగబా వెనక్కి మళ్లాయి.

ఫిల్మును వెలుతురు చొరని ఆ డబ్బాలో పెట్టి మూత బిగించాక, చెమటలు కారుతూ ఒకరి వెనక ఒకరం బయటికొచ్చాం. వియ్యంకుడు గోడమీది క్యాలెండరు చూస్తూ నిలబడ్డారు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

మా ఆయన మాత్రం సంగతి చెప్పి, వాళ్ల ముందే మందులు పోసి కడిగి, ఫిల్మును కిటికీకేసి పట్టారు. ఒక్క ఫొటో నిలిచింది, నెగటివ్ కాబట్టి నలుపూ తెలుపూ తారుమారై. మంత్రాలయంలో, నది మెట్ల మీద, కొత్త పెళ్లికూతురిగా నేను.

“మొగం నల్లగా, ఎంటికలు తెల్లగా. అప్పుడే ముసిల్దానివైనావు కదా వదినా” అంది వియ్యపురాలు. అందరం పడీపడీ నవ్వాం.

అంతవరకూ మా మధ్య మర్యాదలే ఉండేవి. ఇప్పుడు వాళ్లొస్తే నేను చీర మార్చుకోవడానికి కూడా లేవను.