నోబిస్సు

నలభై దాటాక నేను క్వయర్‌లో, అంటే బృందగానంలో, చేరతానంటే మా ఇంట్లో నవ్వనిది మా అత్తగారొక్కరే. కొవ్వూరులో మాది బట్టల కొట్టు. ఆదివారం మధ్యాహ్నాలు బ్రిడ్జి దాటి రాజమండ్రి వెళ్ళి, నర్సులు, టీచర్లు, బ్యాంకు ఉద్యోగులతో కలిసి లాటిన్ పాటలు నేర్చుకునేదాన్ని. మాటలు తెలుగు అక్షరాల్లో రాసుకుని పాడేవాళ్ళం. మాతో వాయించడానికి చెన్నై నుంచి ఆర్కెస్ట్రా వస్తుందని తెలిశాక ఎవరికీ కాళ్ళూ చేతులూ ఆడలేదు.

నా గొంతుకేం లోటు లేదు. తంటా అంతా మాట చివర వచ్చింది. బస్‌ని బస్సు, కప్‌ని కప్పు చేసుకున్న నోరు కదా, 'నోబిస్' దగ్గర 'నోబిస్సు' అనేసేది. 'మాకు' అని దాని అర్థమట. ఆ మాట మీదే అందరూ ఒక్కసారిగా ఆగిపోవాలి. అందరూ ఆగేవారు, నా 'సు' మాత్రం మిగిలేది.

"చివర ఉకారం అక్కర్లేదండీ. మీటరు కొలిచి కొసరు వదిలినట్టు వదుల్తున్నారు మీరు," అన్నారు పాట నేర్పే మాస్టారు. అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇది ఇలాగే ఉంటే కచేరీ రోజున నన్ను పక్కన కూర్చోబెట్టక తప్పదని కూడా అన్నారాయన.

ఇక చూడండి, ఇంట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్నా అదే మాట, గిన్నెలు సర్దుతున్నా అదే మాట. పది సార్లలో తొమ్మిదిసార్లు 'సు' వచ్చి కూర్చునేది. మా అత్తగారు ఎదురుగా పీట వేసుకుని శ్రద్ధగా వినేవారు. చిన్నప్పటి నుంచీ భజనల్లో పాడిన మనిషి. అక్కడ పాడేవాళ్ళు మాట మరిచిపోతే పక్కవాళ్ళు గొంతెత్తి అందించాలి. తెలిసీ ఊరుకోవడం మర్యాద కాదు.

కచేరీకి ఆవిడ పట్టుచీర కట్టుకుని వచ్చి మొదటి వరసలో కూర్చున్నారు. పాటలో 'నోబిస్' చోటు వచ్చింది. 'స్' అనీ అనకుండానే పెదవులు బిగించేశాను. వయొలిన్లు ఆగాయి, మేమూ ఆగాం. గండం గడిచిందనుకున్నాను.

"స్సు!"

మొదటి వరసలోంచి, ఖంగుమని వినిపించింది.

హాలంతా గొల్లుమంది. జనానికి వీపు పెట్టి నిలబడ్డ మాస్టారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆయన మొహం ఎర్రబడటం నాకు కనిపించింది. మా అత్తగారు నాకేసి చూసి, ఫరవాలేదన్నట్టు తల ఊపారు. నేను ఆవిడెవరో తెలియనట్టు పైకప్పుకేసి చూశాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ సిగ్గు ఆవిడ వల్లే అనుకున్నాను అప్పుడు.

అంతా అయ్యాక ఆవిడ మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకున్నారు.

"చివర్లో మర్చిపోయావేమో అనుకుని అందించానమ్మా. సరిగ్గానే అన్నానా?"

నేను జవాబు చెప్పేలోగా మాస్టారు గబగబా వచ్చారు. "మొదటి వరసలో అరిచిందెవరండీ? మీకేవన్నా తెలుసా?"

"తెలీదండి," అన్నాను.

మా అత్తగారు నెమ్మదిగా నా చెయ్యి వదిలేశారు.

"ఎవరో ముసలావిడండి," అన్నారు ఆయనతో. "ఇందాకే వెళ్ళిపోయింది."