బల్మూరులో సముద్రం ప్రశ్న

సముద్రం గురించి జనానికి ఏం తెలుసో చాలా దేశాల్లో కొలుస్తున్నారు. మా జిల్లాలో అడిగే పని నాది. ప్రశ్నలో ఒక్క మాట మార్చకూడదు. సముద్రం లేని ఊళ్ళలో ఇదేం గోల అని విసుక్కుంటూనే బల్మూరులో ఒక ఇంటి ముందు ఆగాను.

"సముద్రం గురించి మాట్లాడాలమ్మా" అన్నాను.

బియ్యం చెరుగుతున్న కోడలి చేతిలోంచి చాట జారింది. అత్త లోపలినుంచి ఉరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"నా కొడుక్కేమైంది సారూ? ఉన్నది ఉన్నట్టు చెప్పు."

పక్కిళ్ళవాళ్ళు చేరారు. వాళ్ళ మాటలు కూడగట్టుకుంటే అర్థమైంది. కొడుకు ఓడరేవులో గోడ కట్టే కూలికి పోయాడు. అక్కడ తుఫాను వచ్చినప్పటినుంచి ఫోన్ లేదు. వలసపోయినవాళ్ళ కబురు, వాళ్ళను పనికి తీసుకుపోయిన మేస్త్రీ మనుషులే తెస్తారు. నన్ను మేస్త్రీ పంపాడనుకున్నారు.

"నేను కబురు తేలేదు. వట్టి ప్రశ్నలే" అన్నాను. అత్త చెయ్యి వదల్లేదు.

"ఏందో అడుగు సారూ" అంది కోడలు.

ఆ ప్రశ్నలు రాసిన మహానుభావుణ్ణి తెచ్చి ఆ గడపలో నిలబెట్టాలనిపించింది. తప్పక చదివాను.

"సముద్రం మీ జీవితం మీద ప్రభావం చూపుతుందా? అవును, కాదు, తెలియదు."

"ఆయన ఫోన్ జేసినంక చెప్త" అంది.