ఐస్‌లాండ్ కొట్టులో నా గుమాస్తాగిరీ

ఆ రోజుల్లో నాకు గర్వమంటూ ఉంటే అది ఒక్క బేరం మీదే ఉండేది. చదువు మీద కాదు (నా మార్కులు చూసినవాళ్ళెవరైనా ఒప్పుకుంటారు), అమెరికా వచ్చానని అంతకన్నా కాదు. రాజమండ్రి మెయిన్ రోడ్డులో మా నాన్నది స్టీలు సామాన్ల కొట్టు. నేను పాకడం నేర్చుకున్నది గంగాళాల మధ్య. ధర చెప్పగానే నవ్వేవాళ్ళలో ఏది వెళ్ళిపోయే నవ్వో, ఏది కొనే నవ్వో తొమ్మిదో ఏటికే పోల్చేసేదాన్ని. అలాంటిదాన్ని రెండువేల ఆరులో మాస్టర్స్ చదవడానికి నార్త్ డకోటాలో దిగి, అట్టముక్క మీద రాసిన ధరకే జనం నోరెత్తకుండా కొనుక్కుని, పైగా థాంక్యూ చెప్పి మరీ వెళ్ళడం చూసి, మొదటి నెల దిగులుతో సగమైపోయాను. ఇంత పెద్ద దేశంలో ఒక్క బేరం లేదా అని.

నేను అద్దెకి దిగింది ఒక పెద్దావిడ ఇంట్లో, మేడమీద గదిలో. రిటైరైన స్కూలు టీచరు, డెబ్భై దాటాయి, భర్త పోయారు. మనవలు ఆవిణ్ణి 'అమ్మా' అని పిలిచేవాళ్ళు. ఐస్‌లాండ్ భాషలో అమ్మమ్మనీ, నాయనమ్మనీ అలాగే పిలుస్తారట. నన్నూ అలాగే పిలవమంది. ఓసారి ఫోన్లో "అమ్మ పిలుస్తోంది, ఉంటానే" అనేసరికి, రాజమండ్రిలో ఉన్న అసలమ్మ "రెండో అమ్మని ఎంతకి బేరమాడావే?" అంది. అప్పట్నించీ మా ఇంట్లో ఆవిడ పేరు ఐస్‌లాండ్ అమ్మ.

గది చూడ్డానికి వెళ్ళిన రోజునే పెద్ద పొరపాటు చేశాను. ఆవిడ నా ముందు కేకు ముక్క పెట్టింది. సన్నటి పొరలు ఏడు, మధ్య మధ్య ఉడికించిన ప్రూన్స్ గుజ్జు. అద్దె తగ్గించమని అడిగేముందు కాస్త వెన్న రాద్దామని, "మీ నార్వేవాళ్ళు చాలా మంచివాళ్ళని విన్నానండీ" అన్నాను. ఆ ఊళ్ళో తెల్లగా, పొడుగ్గా ఉన్న ప్రతివాళ్ళూ నార్వేవాళ్ళేనని మా సీనియర్లు చెప్పారు మరి. అద్దె తగ్గలేదు సరికదా, కేకు ముక్క పళ్ళెంతో సహా వెనక్కి వెళ్ళింది. "మేం ఐస్‌లాండ్ వాళ్ళం" అంది ఆవిడ (ఇంగ్లీషులోనే అనుకోండి). "చెప్పిన అద్దె చెప్పినట్టే." తెనాలి నుంచి వచ్చినవాణ్ణి పట్టుకుని మీరు తమిళవాళ్ళా అంటే ఎలా ఉంటుందో, అలా ఉంది ఆవిడ మొహం.

గది ఇచ్చింది గానీ, పోపు ఒప్పుకోలేదు. మొదటిసారి ఇంగువ వేసి పోపు పెట్టినప్పుడు స్మోక్ అలారం కుయ్యోమని మొత్తుకుంది. ఆవిడ స్నానం మధ్యలోంచి తువ్వాలుతో పరిగెత్తుకొచ్చింది. ఆ తర్వాత రెండు వారాలు చారు అంటే వేణ్ణీళ్ళలో చింతపండే. అలా నేను నీరసించి ఉన్న సమయంలో నాకు అమెరికాలో మొదటి బేరం తగిలింది.

ఆ ఊళ్ళో ఏటా అక్టోబరులో ఒక పెద్ద హాల్లో స్కాండినేవియావాళ్ళ తిరునాళ్ళలాంటిది జరిగేది. తలో దేశంవాళ్ళకీ తలో బల్ల. ఐస్‌లాండ్ బల్ల బాధ్యత మా అమ్మది. కిందటేడు దాని దగ్గరికి వచ్చినవాళ్ళలో సగంమంది బాత్రూమ్ ఎటని అడిగినవాళ్ళేనట. ఈసారి కూడా జనం రాకపోతే, వచ్చే ఏటి నుంచి ఐస్‌లాండ్ బల్ల తీసేసి, ఆ రెండు ఫోటోలూ నార్వేవాళ్ళ స్టాల్లో ఓ మూల పెట్టిస్తామని కమిటీ కబురు పంపింది. ఆ ఉత్తరం ఆవిడ ఫ్రిజ్ మీద వారంపాటు ఉంది. పాలు తీసుకోడానికి తలుపు తీసినప్పుడల్లా దాన్ని చదివేది. ఇద్దరు కొడుకులూ కాలిఫోర్నియాలో ఉంటారు, వాళ్ళ పిల్లలకి ఐస్‌లాండ్ భాషలో 'అమ్మ' తప్ప రెండో మాట రాదు. ఆ మూడుగజాల బల్ల కూడా పోతే ఇక మేం ఎవరమని చెప్పుకోడానికి చోటెక్కడ అని ఆవిడ బాధ. ఆ బాధ నాకు అర్థమైంది. అర్థమైనదాన్ని ఊరకే పోనివ్వకూడదన్నది మా ఇంటి పద్ధతి కాబట్టి, "ఆ రోజు నేను కొట్టులో కూర్చుంటాను, జనాన్ని రప్పించే పూచీ నాది. బదులుగా నాకు రోజుకో పోపు కావాలి" అన్నాను.

ఆవిడ పైనున్న స్మోక్ అలారం వైపు చూసి, "కిటికీ తెరిచి" అంది.

"సగం తెరుస్తాను. బయట చలి."

"పూర్తిగా."

ఒప్పుకున్నాను. ఆవిడ దగ్గర అంతకన్నా బేరం సాగదు.

శనివారం పొద్దున్నే హాలుకి చేరాం. మా బల్ల మీద దేశపటం, గొర్రెల ఫోటోలు, రెండు ఉన్ని స్వెట్టర్లు, ఏడుపొరల కేకు, ఆవిడ చేత్తో రాసుకున్న వంశవృక్షం పుస్తకం. పక్క స్టాలు నార్వేవాళ్ళది. అక్కడొక తాతగారు పెద్ద పెనం మీద వేడివేడిగా బంగాళాదుంప చపాతీలు కాలుస్తున్నాడు (దానికి వాళ్ళ పేరేదో ఉంది, నాకు మాత్రం ఆయన చపాతీ తాతే). వెన్నా పంచదారా రాసి చుట్టి ఇస్తుంటే జనం విరగబడుతున్నారు. మా బల్ల దగ్గర ఈగ లేదు. కొట్టు ముందు నలుగురు నిలబడితే ఐదోవాడు తనంతట తనే వస్తాడని మా నాన్న అనేవాడు. ఆ నలుగురి కోసం మా క్లాసులో వరంగల్ తమ్ముణ్ణి బతిమాలి తెచ్చాను. ఒక్కడే నలుగురిలా నిలబడాలన్నమాట. వాడు గొర్రెల ఫోటో ముందు చేతులు కట్టుకుని అరగంట నిలబడి, "అక్కా, కాళ్ళు గుంజుతున్నయ్. ఈ గొర్రెను ఇంక ఎంతసేపు చూడాలె?" అన్నాడు.

"ఇంకాసేపురా. ఆసక్తిగా చూడు."

"కేకు ఇంకో ముక్క ఇస్తెనే ఆసక్తి."

పదకొండైనా ఐదోవాడు రాలేదు. అమ్మ కుర్చీలో నిటారుగా, చేతులు ఒళ్ళో పెట్టుకుని, పెళ్ళిచూపులు తప్పిపోయిన ఇంట్లో పెద్దదిక్కులా కూర్చుంది. ఏదో ఒకటి మాట్లాడాలని, "అమ్మా, మీరు ఆడవాళ్ళు గదా, మీ ఇంటిపేరు చివర 'సన్' ఎందుకుంది?" అని అడిగాను. ఐస్‌లాండ్‌లో అసలు ఇంటిపేర్లే ఉండవట. తండ్రి పేరుకి కొడుకైతే 'సన్', కూతురైతే 'దోత్తిర్' తగిలిస్తారట. పెళ్ళయినా ఆడదాని పేరు మారదట. (దోత్తిర్ అనగానే నాకు దుహిత, దౌహిత్రుడు గుర్తొచ్చి, ఈ చుట్టరికం ఎప్పుడైనా బేరానికి పనికొస్తుందేమోనని దాచుకున్నాను.) ఆవిడ మామగారి తాత ఈ దేశం వచ్చినప్పుడు ఇక్కడి గుమాస్తా ఫ్యామిలీ నేమ్ ఏమిటని అడిగితే, ఆయనకి అర్థంకాక తన తండ్రి పేరుతో ఉన్నది చెప్పాడు, అదే అందరికీ అతుక్కుపోయింది. "యాభై ఏళ్ళుగా, నేనెప్పుడూ చూడని ఒక మగాయన కొడుకుని నేను" అంది అమ్మ.

నాకు మా కొట్టులో పేర్లు చెక్కే మిషను గుర్ర్‌మన్నట్టయింది. గిన్నె కొన్నవాళ్ళకి మా నాన్న వాళ్ళ పేరు ఉచితంగా చెక్కి ఇచ్చేవాడు. "గిన్నె ఎవడైనా అమ్ముతాడమ్మా, పేరు చెక్కితేనే అది వాళ్ళ గిన్నె" అనేవాడు. ఫోటోల కింద పెట్టడానికి తెచ్చిన తెల్ల అట్టముక్కలు చాలానే మిగిలాయి. స్కూలు టీచరు కాబట్టి అమ్మ చేతిరాత ముత్యాలే. నేను బల్ల ముందుకొచ్చి, రాజమండ్రి మెయిన్ రోడ్డు గొంతుతో కేకేశాను: "మీ నాన్నగారి పేరు చెప్పండి, మీ ఐస్‌లాండ్ పేరు రాసిస్తాం. ఫ్రీ."

పన్నెండింటికి లైను చపాతీ లైనుని దాటింది. మా నాన్న పేరు పీటర్, మా నాన్న పేరు కార్ల్ అంటూ జనం. అమ్మ రాస్తోంది, తమ్ముడు కేకు కోస్తున్నాడు, నేను కేకలేస్తున్నాను. ఓ చిన్నపిల్ల వంతు వచ్చేసరికి మాట్లాడకుండా నిలబడింది. వాళ్ళమ్మ నేల చూపులు చూసింది. ఐస్‌లాండ్ అమ్మ కలం ఎత్తకుండానే, "మీ అమ్మ పేరు చెప్పు. మాలో అలా కూడా రాస్తారు" అంది. ఆ పిల్ల అట్టముక్కని రెండుచేతుల్తో పట్టుకుని వెళ్ళింది.

అక్కడితో ఆగితే నేను షావుకారు కూతుర్ని ఎందుకవుతాను? బేరం ఊపులో సరుకు పెంచేశాను. "మీ నుదురు చూస్తేనే తెలుస్తోందండీ, మీది ఐస్‌లాండే" అని ఒకావిడకి, "ఆ గడ్డం ఇంకెవరికి వస్తుంది" అని ఒకాయనకి, అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ ముత్తాతల్ని పంచిపెట్టాను. చీర మీకే నేసినట్టుందండీ అనడం మాకు అబద్ధం కింద లెక్క కాదు. అమ్మ కలం పక్కన పెట్టి, నన్ను తెర వెనక్కి పిలిచింది.

"పేరు రాసే పద్ధతి ఎంతమందికైనా ఇయ్యి. అది ఇస్తే తరగదు. పూర్వీకుల్ని మాత్రం ఇవ్వకు. వాళ్ళు నా దగ్గర స్టాకులో లేరు."

కోపంగా అంటే బేరమాడేదాన్నే. నెమ్మదిగా అంది. నేను ఇవతలికొచ్చి, పీటర్లనీ కార్ల్‌లనీ మాత్రమే పిలుస్తూ బుద్ధిగా నిలబడ్డాను.

మూడింటికి కమిటీ ప్రెసిడెంటుగారు వచ్చింది, ఆవిడతోబాటు పిండి చేతులు తుడుచుకుంటూ చపాతీ తాత. లైను చూసి ఆవిడ కనుబొమలెత్తింది. తాత మంచివాడే, నోరే కాస్త జారుడు. "ఇంత జనమా. అయితే బల్లలు కలిపేద్దాం, నా వైపు చోటుంది. ఎటూ మీరంతా మా దగ్గర్నించి వెళ్ళినవాళ్ళేగా" అని నవ్వాడు. లైనులో నలుగురు కూడా నవ్వారు.

అమ్మ నవ్వలేదు. "నిజమే. మా తాతలు మీవాళ్ళే. మీ రాజుగారి పోరు పడలేక పడవలెక్కినవాళ్ళు" అంది. "మా అమ్మమ్మలు మీవాళ్ళు కాదు. ఐర్లండ్ నుంచి, స్కాట్లండ్ నుంచి వచ్చినవాళ్ళు చాలామంది. అందరూ ఇష్టపడి పడవెక్కలేదు, కొందర్ని బానిసలుగా ఎక్కించారు." వంశవృక్షం మొదటి పేజీ తీసి ఆయన వైపు తిప్పింది. అన్నిటికన్నా పైన ఒక ఆడమనిషి పేరు ఉంది. ఆ కింద వెయ్యేళ్ళ పైచిలుకు మనుషులు, ప్రతి ఒక్కరికీ ఫలానావాళ్ళ కొడుకనో, కూతురనో ఉంది. ఆవిడకి మాత్రం వట్టి పేరే.

"ఈవిడ తండ్రి పేరు లేదు" అంది అమ్మ. "ఎవరూ అడగలేదు."

అప్పటికి మూడొందలసార్లు అదే ప్రశ్న అరిచినదాన్ని నేను. తమ్ముడు కేకు కోయడం ఆపేశాడు. చపాతీ తాత ఆ పేజీని చాలాసేపు చూశాడు. తర్వాత వెళ్ళి లైను చివర నిలబడ్డాడు. తన వంతు వచ్చినప్పుడు, "మా నాన్న పేరు ఓలే" అన్నాడు, స్కూల్లో పేరు పిలిస్తే లేచి నిలబడ్డ పిల్లాడిలా. ఒకప్పుడు నార్వేలోనూ ఇదే పద్ధతట, ఈ దేశం వచ్చాక వాళ్ళకీ ఎవరో ముత్తాత పేరే అతుక్కుపోయిందట. అమ్మ రాసిచ్చింది. ఆయన కళ్ళజోడు పైకి తోసి చదువుకుని, అట్టముక్క చొక్కా జేబులో పెట్టుకుని, పైనుంచి ఓసారి తట్టుకున్నాడు. "బల్లలు విడివిడిగానే ఉండనీండి" అన్నాడు ప్రెసిడెంటుగారితో. "నాకసలు చోటు లేదు."

ఆవిడ సరేనంది. నేను ఊరుకోవాలి కదా. "అయితే వచ్చే ఏడు గుమ్మం పక్క మూల బల్ల..." అని మొదలుపెట్టాను. అమ్మ బల్ల కింద నా కాలు తొక్కింది.

సర్దుకునేటప్పుడు మిగిలిన ఒకే ఒక్క అట్టముక్క తీసి "మీ నాన్నగారి పేరు?" అని అడిగింది. అక్షరం అక్షరం చెప్పాను. మా నాన్న పేరు మూరెడు, అట్ట జానెడు. 'సత్యనారాయణ' అయ్యేసరికే అట్ట అయిపోయింది, 'దోత్తిర్' కిందికి వంగి, అంచు పట్టుకుని వేలాడింది.

ఆ రాత్రి కిటికీ పూర్తిగా తెరిచి పోపు పెట్టాను. అలారం ఎలాగూ మోగింది. అమ్మ వార్తాపత్రికతో దానికి విసురుతూ నిలబడింది. తర్వాత నాన్నకి ఫోన్ చేసి చెప్తే, "అంత పేరుకి అక్షరానికి ఎంత తీసుకున్నారు?" అన్నాడు. ఫ్రీయే అన్నాను. అవతల మిషను చప్పుడు ఆగింది. "ఎన్ని సారె గిన్నెల మీద చెక్కానో. పెళ్ళికూతురి పేరు ముందు అందరూ అత్తారింటి పేరే చెక్కమంటారు" అన్నాడు. "దాచుకో. తడి తగలనీకు."

మూడేళ్ళకి నా పెళ్ళయింది, ఫ్రీమాంట్ వచ్చాను. లైసెన్సు ఆఫీసులో కౌంటరమ్మాయి నేమ్ చేంజ్ ఉందా అని అడిగింది. కొత్తిమీర కట్ట దగ్గర కూడా ఇద్దరు సేల్స్‌మెన్‌ని ఏడిపించే నేను, ఆ ఒక్కచోట ఒక్కమాట బేరమాడకుండా సంతకం పెట్టేసి, థాంక్యూ కూడా చెప్పి వచ్చాను. ఆ శనివారం అంతసేపు పేర్లు అరిచిన పిల్ల ఆ క్షణంలో ఎటు పోయిందో నాకు ఇప్పటికీ తెలీదు.

ఆ డిసెంబరులో మా ఆయన పోస్టు డబ్బాలోంచి ఓ కవరు తెచ్చి, అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇదేదో మనది కాదే. ఎవరో సత్యనారాయణదోత్తిర్ అట. తప్పు అడ్రస్ అని రాసి మళ్ళీ డబ్బాలో వేసెయ్యనా?"

కవరు మీద ముత్యాల్లాంటి అక్షరాలు. చివరి నాలుగూ చోటు చాలక కిందికి వంగి ఉన్నాయి.

"ఇటియ్యండి" అన్నాను. "అది నేనే."