ఆంటీకి తెరుచుకోని తలుపు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. ఇప్పుడు నేనే ఒకటి చెప్పాల్సి రావడం ఇంకా మంటగా ఉంది.

ఐటీ ఉద్యోగాలు జోరుమీదున్న రోజుల్లో సింగపూర్ వెళ్లాను. పగలంతా పాయా లేబర్ అనే పేటలోని ఆఫీసులో పాత ప్రోగ్రాముల్లో రెండువేల సంవత్సరానికి తేదీలు సరిచేయడం, సాయంత్రానికి సెరంగూన్‌లో అద్దె గదికి చేరడం. ఇంటి ఓనరు ఆంటీ అక్కడే పుట్టి పెరిగిన తెలుగావిడ. భర్త పోయి ఏడాదైంది. ఆయన పాత ఇంగ్లీషు కారు పోర్టికోలో తుప్పు పడుతోంది.

లైసెన్సు ఉన్నా సరే, ఆయన బతికున్నన్నాళ్లూ ఆవిడను స్టీరింగు ముట్టుకోనివ్వలేదట. కొడుకు ఆ కారును తుక్కుకి మాట్లాడేశాడు, నెలాఖరుకి లారీ వస్తుంది. ఈలోగా ఒక్కసారి, గేటు దాకా అయినా సరే, తానే నడపాలని ఆవిడ కోరిక. మా నాన్న మెకానిక్ కాబట్టి నాకు కొంత పని తెలుసు. సరేనన్నాను.

"టైమ్ వేస్ట్ లా, అమ్మా. అప్పాకి నచ్చదు," అన్నాడు కొడుకు, తమిళం కలిసిన సింగపూర్ యాసలో. బతికున్న తల్లి ఇష్టం పట్టనివాడికి పోయిన తండ్రి ఇష్టం గుర్తుందే అని మండిపోయింది నాకు.

పెద్దగా ఖర్చు పెట్టే స్తోమత మా ఇద్దరికీ లేదు. తుక్కు షెడ్లన్నీ తిరిగి కార్బురేటర్ సంపాదించాను. తుప్పు గీకి, చిల్లులకు లప్పం పెట్టి, గోడలకు వేసే బ్రష్షుతోనే రంగు వేశాను. ఇంజను స్టార్టయింది.

ఆ ఆదివారం ఉదయం ఆంటీ డ్రైవరు తలుపు లాగితే రాలేదు. నేను లాగితే వచ్చింది. మళ్లీ మళ్లీ ఇదే తంతు. లాక్ మొరాయిస్తోందనుకుని మొత్తం ఊడదీసి పక్కన పెట్టాను. తలుపు గాలికే ఊగుతోంది. ఆంటీ చెయ్యి వేయగానే బిగుసుకుంది. నేను తెరిచి పట్టుకుంటే, ఆవిడ కాలు లోపల పెట్టబోయేసరికి నా చేతిలోంచి లాక్కున్నట్టు మూసుకుంది. నా వేలు నలిగి గోరు నల్లబడింది. కొడుకు అక్కడే నిలబడి అంతా చూశాడు.

నాకు భయం వేయలేదు. కోపం వచ్చింది. చచ్చాక కూడా ఈ పెత్తనమేమిటి? స్పానరుతో అద్దం పగలగొట్టబోయాను.

"ఉండు తంబీ," అని ఆంటీ నన్ను ఆపింది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి ఆ అద్దాన్ని అరచేత్తో చరిచింది. "పెళ్లైనప్పటినుంచి మీ పక్కనే కూర్చున్నాను. ఒక్కనాడు నోరెత్తలేదు. ఇంక చాలు. దిగండి."

కారు కుడివైపు, అంటే డ్రైవరు సీటు వైపు, స్ప్రింగుల మీద మెల్లగా పైకి లేచింది. బరువైన మనిషి దిగితే లేచినట్టే. తలుపు దానంతటదే తెరుచుకుంది.

ఆంటీ ఎక్కి కూర్చుంది. తలుపును తాడుతో కట్టేసి నేను ఎడమవైపుకి వెళ్లబోతుండగా, కారు అటువైపు కుంగింది.

"నువ్వు వెనక కూర్చో తంబీ," అంది ఆంటీ, అటు చూడకుండానే.

గేటు దాకా పోయి వెనక్కి వచ్చాం. తర్వాత కారు కిందికి దూరి చూశాను. ఏ స్ప్రింగూ విరగలేదు, జారలేదు. అదేమిటో ఇప్పటికీ చెప్పలేను. ఆయన మీద కోపం మాత్రం తగ్గలేదు. ఒక్క మాటకు దిగిపోయే మనిషి, ఆ దిగేదేదో బతికుండగానే దిగి ఉంటే ఏం పోయేది?