కాలు తీసి దిగిన ఫోటో

నడకల టీచరమ్మ నోట అబద్ధం రావడం కష్టం. ఆస్పత్రిలో విరిగిన కాళ్ళవాళ్ళకి నడక నేర్పినన్నాళ్ళూ, "నొప్పి పుడుతుందా అమ్మా?" అని ఎవరైనా అడిగితే, "పుడుతుంది, లే" అనేది. రిటైరయ్యాక ఇంటిపట్టున కూచోకుండా, జీతం లేకపోయినా పరాయి దేశం వెళ్ళింది. మందుపాతరలు పేలి కాళ్ళు పోయినవాళ్ళకి అక్కడి శిబిరంలో కొత్త కాళ్ళు తొడిగి నడిపించేది.

శిబిరం వంటామెకి ఒక కాలు మోకాలి కింద లేదు. తొడిగిన కాలితోనే గుండిగలెత్తుకుని గిరగిరా తిరిగేది. ఆమె కాలు పోయిన చేలోనే తమ్ముడూ కాలు పోగొట్టుకున్నాడు. తీరా అతని వంతు వచ్చేసరికి కాళ్ళు చేసే సరుకు నిండుకుంది.

ఇంటి దగ్గర శిబిరానికి చందాలు పోగుచేసే టీచరమ్మ మరిది ఫోన్లో మండిపడ్డాడు. "వదినా, నీ ఫోటోల్లో అందరూ షికారుకెళ్తున్నట్టున్నారు. ఇవి చూసి ఎవడు జేబులో చెయ్యి పెడతాడు?"

సంగతి విని వంటామె అక్కడికక్కడే పట్టీలు విప్పి, కాలు తీసి తలుపు వెనక పెట్టింది. గోడకి చేరగిలబడి, "మొహం ఇలా పెడితే చాలా, ఏడవమంటావా?" అంది. టీచరమ్మకి నవ్వొచ్చింది, వెంటనే సిగ్గేసింది. అయినా ఫోటో తీసింది.

సెలవుకి ఇంటికొచ్చినప్పుడు చందాల సభ పెట్టారు. తెరమీద ఆ ఫోటో చూసి బట్టల షాపాయన లేచాడు. "పాపం, ఈవిడ ఇప్పుడెలా ఉందండీ?"

టీచరమ్మ గొంతు సవరించుకుంది.

"కూచునే ఉందండీ."

డబ్బొచ్చింది, తమ్ముడికి కాలొచ్చింది. టీచరమ్మ చేత తిట్లు తింటూ నెల తిరక్కుండా నడిచాడు. ఆ నడక చూస్తే ఆమెకి కడుపు నిండిపోయేది. హమ్మయ్య అనుకుంటుండగా మరిది మళ్ళీ ఫోన్ చేశాడు. షాపాయన స్వయంగా చూడ్డానికి వస్తున్నాడట.

"దానికేం, కూచుంటా. పొద్దస్తమానం నిలబడే కదా చస్తున్నా," అంది వంటామె.

అన్నట్టే ఆ రోజు కాలు తీసేసి కూచుంది. కొత్త కాలు కనపడకుండా ప్యాంటు తొడుక్కుని తమ్ముడే టీలు పట్టుకొచ్చాడు, చుక్క ఒలకకుండా. షాపాయన కళ్ళు తుడుచుకుని వంటామె పక్కన నేలమీద కూలబడ్డాడు. ఫోటో తీయమని టీచరమ్మకి ఫోనిచ్చి, ట్రేతో నిలబడ్డ తమ్ముడికి చేత్తో సైగ చేశాడు.

"బాబూ, నువ్వు కాస్త పక్కకి జరుగు."

టీచరమ్మ నేర్పినట్టే, మడమ ముందు మోపుతూ, తమ్ముడు ఫోటోలోంచి బయటికి నడిచాడు.