మిలున్కా ఇత్తడి పోత

ఇత్తడి కరిగించే ముందు మిలున్కా కిటికీ తెరుస్తుంది. కార్ఖానాలో పోతపని చేసి రిటైరైన మనిషి. ఇప్పుడామె కొలిమి కంప్యూటర్లో ఉంది. ఇసుక, నీరు, నిప్పు అచ్చం నిజంలాగే కదిలే ఆట అది. దానికెవరో లోహాలు కలిపే మోడ్ తగిలించారు. ఒక చేత్తో మౌస్ కదుపుతూ, రెండో అరచెయ్యి తెర ముందు ఆడించి వేడి చూస్తుంది. రాగి కరిగాక జింకు వేసి, తెరంతా తెల్లటి పొగ కమ్మగానే కుర్చీ వెనక్కి జరుపుకుంటుంది. జనవరి మంచు మాత్రం నిజంగానే గదిలో పడుతుంది. మా ఊరు ఊజిత్సెలో కిటికీకీ తలుపుకీ మధ్య కొట్టే గాలంటే అందరికీ పాముకన్నా ఎక్కువ భయం, అది తగిలితే మెడ పట్టేస్తుందని. ఆమె భర్త రాదిసావ్‌కి మరీనూ. "బొమ్మ పొగకి నా మెడ పట్టెయ్యాలటే?" అంటూ మఫ్లర్ చుట్టుకుంటాడు. "జింకు పొగకి నేను పోతే ఏడ్చేది నువ్వేగా!" అంటుందామె.

మొన్న ఆయన మెడ నిజంగానే పట్టేసింది. పాపమని ఆమె కిటికీ తెరవకుండానే మొదలుపెట్టింది. పక్కింటి నుంచి వచ్చిన నేను కాఫీ తాగుతూ చూస్తున్నాను. జింకు పడింది, తెర తెల్లబడింది, అలవాటు కొద్దీ ఆమె ఖళ్లుమని దగ్గింది. రాదిసావ్ గొణుక్కుంటూ లేచాడు. గాలి కొట్టకుండా వంటింటి తలుపు బిగించి, కిటికీ బార్లా తెరిచాడు. గ్లాసుడు పాలు తెచ్చి కీబోర్డు పక్కన పెట్టాడు. పొగకి విరుగుడని కార్ఖానాలో రోజూ ఇచ్చేది పాలే. వంకర మెడతోనే తెర మీదికి వంగి అన్నాడు:

"ముందివి తాగు. తాగి తొందరగా అచ్చులో పోసెయ్, ఇత్తడి చల్లారిపోతోంది."